ఓడ మీద కునుకు, మిల్లులో చార్జిషీటు

2025 మే 22న తెల్లవారుజామున ఐదు గంటల వేళ నార్వే దేశంలో ఒక ఓడ తిన్నగా వచ్చి ఒడ్డెక్కింది. దాని పేరు ఎన్.సి.ఎల్. సాల్టెన్. కంటెయినర్లు మోసే ఓడ, 135 మీటర్ల పొడవు, లోపల 16 మంది మనుషులు. ట్రోండ్‌హైమ్ పట్నం దగ్గర సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఒక ఇంటికి కొద్ది మీటర్ల దూరంలో దాని ముక్కు వచ్చి ఆగింది. ఇంత జరిగినా ఆ ఇంటాయనకు మెలకువ రాలేదు. పొరుగాయన వచ్చి గంట కొట్టి లేపితే, కిటికీలోంచి చూస్తే పెరట్లో ఓడ! ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ ఫోటో ప్రపంచమంతా అచ్చయింది, జనం నవ్వుకున్నారు. ఆ వేళ ఓడ నడిపే గదిలో కాపలా ఉన్నది ఒక్కడే, ముప్పై ఏళ్ళు దాటిన రెండో ఆఫీసరు. నిద్ర పట్టేసిందని పోలీసులకు తానే చెప్పుకున్నాడు. కేసు అతని మీదే పెట్టారు.

మిల్లు కార్మికుల పత్రికలో ఓడల గొడవ ఏమిటని కొందరు అడగవచ్చు. గోసాని నువాగాం నుండి గోపాల్‌పూర్ సముద్రం ఎంత దూరమని? సైకిలు మీద పోయి వచ్చేవాళ్ళం. మన తాతల కాలంలో గంజాం, ఇచ్ఛాపురం వైపుల తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఆ రేవులోనే ఓడ ఎక్కి కూలికోసం రంగూను వెళ్ళారు. ఇప్పుడు కూడా మన పిల్లలు కొందరు మర్చంట్ నేవీ అంటూ తిరుగుతున్నారు. కాబట్టి సముద్రం మనకు పరాయిది కాదు. అయినా ఇది రాయడానికి కారణం సముద్రం కాదు, నైటు షిఫ్టు. రాత్రి మూడు గంటలకు మెలకువగా ఉండమని జీతమిచ్చి నిలబెట్టిన మనిషికి ఏం జరుగుతుంది, జరిగాక నేరం ఎవరి నెత్తిన పడుతుంది అనే విషయం మనకంటే ఓడవాళ్ళ దగ్గర ఎక్కువ కాగితాల మీద ఉంది. ప్రతి పెద్ద ప్రమాదం మీదా అక్కడ విచారణ సంఘం కూర్చుంటుంది, నివేదిక అచ్చు వేస్తుంది. మన మిల్లులో వేలు తెగితే అంత విచారణ ఎక్కడిది?

ముందు ఓడ మీద పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. బయలుదేరిన ఓడ రాత్రి అని ఆగదు. నడిపే గదిలో ఎవరో ఒక ఆఫీసరు ఎప్పుడూ ఉండాలి. దాన్ని వాచ్ అంటారు. పాత పద్ధతి ప్రకారం ముగ్గురు ఆఫీసర్లు ఉంటారు, ఒక్కొక్కరు నాలుగు గంటలు కాపలా కాసి ఎనిమిది గంటలు దిగుతారు. పన్నెండు నుండి నాలుగు, నాలుగు నుండి ఎనిమిది, ఎనిమిది నుండి పన్నెండు, మళ్ళీ మొదటికి. ఇది మూడు షిఫ్టుల మిల్లు లాంటిదే, కష్టమైనా మనిషి తట్టుకోగలడు. తరవాత చిన్న ఓడల యజమానులు లెక్క చూసుకున్నారు. మూడో ఆఫీసరు జీతం మిగిల్చుకుంటే? కెప్టెన్, మేటు, ఇద్దరే చాలు. ఆరు గంటలు ఒకడు, ఆరు గంటలు ఇంకొకడు. కాగితం మీద చూస్తే ఒక్కొక్కరికీ రోజుకు పన్నెండు గంటల విశ్రాంతి! ఇంకేం కావాలి?

ఆ ఆరు గంటల్లో ఏముందో మన ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. కాపలా దిగినవాడు అన్నం తినాలి, ఒళ్ళు కడుక్కోవాలి, రాతకోతలు చూడాలి. రేవు వస్తే సరుకు దించేచోట నిలబడాలి. మళ్ళీ కాపలాకు ముందే లేచి తయారవ్వాలి. అన్నీ పోగా చేతికి దక్కేది నాలుగు గంటలు, అదీ ఒక్క తెరపిన కాదు. ఒక్క రోజుకైతే ఎవడైనా ఓర్చుకుంటాడు. అలా నెలల తరబడి చెయ్యాలి. 2012లో ఐరోపా దేశాలవాళ్ళు ఓడ గది లాంటి నమూనా గదులు కట్టి, నిజమైన ఆఫీసర్లనే కూర్చోబెట్టి ఈ పద్ధతులను పరీక్షించి చూశారు. నాలుగు-ఎనిమిది కంటే ఆరు-ఆరు ఎక్కువ అలుపు తెస్తుందని తేలింది. పరీక్ష అని తెలిసి కూడా కొందరు కూర్చున్నచోటే కునికారు.

ఇప్పుడు ఓడ తనంతట తానే తిన్నగా పోయే యంత్రం ఉంది. దారి దానికి చెబితే చాలు. చీకటి గది, వెచ్చదనం, మెత్తని కుర్చీ, కింద ఇంజను ఒకే శ్రుతిలో రొద. చేతికి పని లేదు, కంటికి మాత్రం పని. ఇంతకంటే మంచి ఊయల ఇంకేం కావాలి? రింగు ఫ్రేము మీద రాత్రి పనిచేసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. కొత్తవాడికి ఆ హోరు చెవులు పగిలేట్టు ఉంటుంది. ఆరు నెలలు పోయాక అదే హోరు జోలపాట అవుతుంది. మగ్గం ఆగితేనే మెలకువ వస్తుంది. నా రోజుల్లో పచ్చిమిరపకాయ నమిలేవాళ్ళున్నారు, కళ్ళకు ఉల్లిపాయ రసం పూసుకున్నవాడున్నాడు. నీళ్ళ కుండ దగ్గరకు పోయి ముఖం కడుక్కుని వచ్చేసరికి నాలుగు పోగులు తెగి ఉండేవి, జాబరు తిట్లు వేరే.

1997 మార్చి 26న సీటా అనే ఓడ ఇంగ్లండు దక్షిణపు కొసన ఉన్న సిల్లీ దీవుల రాళ్ళకు తగిలింది. కాపలా మేటు నిద్రపోయాడు, ఓడ తన దారిన తాను పోయింది. పెట్టెలు పగిలి సరుకంతా తీరానికి కొట్టుకువస్తే దీవుల జనం చెప్పులు, బట్టలు, టైర్లు ఏరుకున్నారు. 2008 జూన్‌లో ఆంటారి అనే ఓడ ఉత్తర ఐర్లండు తీరంలో ఇసుక మీదకు ఎక్కింది. అంతకుముందు మూడు గంటలకు పైగా ఆ ఓడను చూసేవాడే లేడు, కాపలా ఆఫీసరు కునుకులో ఉన్నాడు. మధ్యలో ఇంకో ఓడ గాని, పడవ గాని అడ్డం రాకపోవడం కేవలం అదృష్టం. 2013 మార్చి 16న డానియో అనే ఓడ స్కాట్లండ్ నుండి కలప ఎత్తుకుని పోతూ ఫార్న్ దీవుల రాళ్ళ మీద కూర్చుంది. అందులోనూ అదే కథ. కెప్టెన్, మేటు ఆరు-ఆరు గంటల వాచ్. మేటు ఒక్కడే గదిలో, నిద్రలో. రాత్రి పూట ఆఫీసరుకు తోడుగా చూపు కాసే ఇంకో మనిషి ఉండాలని అంతర్జాతీయ నియమం ఉంది. ఆ మనిషి లేడు.

డానియోలో ఇంకో విషయం ఉంది, అది చదివినప్పుడు నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. ఇలాంటి ప్రమాదాలు ఆపడానికి ఒక యంత్రం కనిపెట్టారు. మూడు నిమిషాల నుండి పన్నెండు నిమిషాలకు ఒకసారి కాపలావాడు ఒక మీట నొక్కాలి. నొక్కకపోతే మొదట దీపం వెలుగుతుంది, తరవాత గదిలో గంట మోగుతుంది, అప్పటికీ లేవకపోతే కెప్టెన్ పడుకున్న గదిలో మోగుతుంది. 2011 నుండి కొత్త ఓడలకు ఇది తప్పనిసరి చేశారు. డానియో మీద ఆ యంత్రం ఉంది. కాని స్విచ్ వెయ్యలేదు.

యంత్రాన్ని తప్పు పట్టడం లేదు. మన బరంపురం స్టేషను మీదుగా పోయే రైలింజన్లలో కూడా అలాంటిదే ఉంది. నిమిషంపాటు డ్రైవరు ఏ మీటా ముట్టకపోతే దీపం, గంట, ఆ తరవాత బ్రేకు పడుతుంది. బండి ఆగుతుంది. ఓడకు ఆ సదుపాయం లేదు, గంట మోగినంత మాత్రాన అది ఆగదు. అయినా ఏ గంటా మనిషికి నిద్ర ఇవ్వదు, నిద్రపోకుండా పీడిస్తుంది అంతే. మూడో ఆఫీసరు జీతం కంటే గంట చవక. అందుకే యజమానులు మూడోవాణ్ణి తీసేసి గంట తగిలించుకుంటారు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బ్రిటన్‌లో ఓడ ప్రమాదాల విచారణ శాఖ 2004లో ఒక పెద్ద పరిశీలన అచ్చు వేసింది. తాము చూసిన ప్రమాదాల్లో నేలకు తగిలిన ఓడల్లో మూడో వంతు కథ ఒక్కటే అని తేల్చింది: రాత్రి వేళ, అలిసిపోయిన ఆఫీసరు, గదిలో ఒంటరిగా. ఇద్దరే ఆఫీసర్లతో ఓడ నడపడం తగదని చెప్పింది. చెప్పి తొమ్మిదేళ్ళ తరవాత డానియో. ఇరవై ఒక్క ఏళ్ళ తరవాత కాపలాకు ఒక్కడే ఉన్న సాల్టెన్.

ఇప్పుడు నిద్రపోని మనిషి సంగతి. ఇది ఇంకా ముఖ్యం. 2010 ఏప్రిల్ 3న షెన్ నెంగ్ 1 అనే చైనా బొగ్గు ఓడ ఆస్ట్రేలియాలో గ్లాడ్‌స్టన్ రేవు నుండి బయలుదేరి కొన్ని గంటలకే పగడపు దిబ్బల మీదకు ఎక్కింది. సాయంత్రం ఐదు గంటలు, మంచి వెలుతురు. 68 వేల టన్నుల బొగ్గు, 900 టన్నులకు పైగా ఇంధనం. చీఫ్ మేటు కళ్ళు తెరిచే ఉన్నాడు. కాని ఒకచోట ఓడను మలుపు తిప్పాలి, ఆ మలుపు అతని బుర్రకు అందలేదు. విచారణలో తేలినదేమిటంటే, అంతకుముందు 38 గంటలకు పైగా కాలంలో అతను పడుకున్నది రెండున్నర గంటలు. రేవులో బొగ్గు ఎత్తుతున్నంతసేపూ నిలబడిందీ అతనే, బయలుదేరాక కాపలాకు ఎక్కిందీ అతనే. కాలు దింపకుండా రెండు షిఫ్టులు చేసిన మన కార్డింగు మనిషికీ అతనికీ తేడా ఏముంది? ఆ దిబ్బ మీద దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున పగడాలు నలిగిపోయాయి. 2012లో కోర్టు ఆ మేటుకు జైలు వేసింది, కెప్టెన్‌కు జరిమానా వేసింది. యజమాని సంస్థ ఆస్ట్రేలియా ప్రభుత్వంతో వాదించి వాదించి 2016లో 3 కోట్ల 93 లక్షల డాలర్లకు రాజీ పడింది. పనిచేసినవాడు జైలుకు పోయిన నాలుగేళ్ళకు చెక్కు కదిలింది. ఆ డబ్బు కట్టినవాళ్ళలో ఒక్కడు కూడా జైలు గుమ్మం తొక్కినట్టు నేను చదవలేదు.

అమెరికాలో ఎక్సాన్ వాల్డెజ్ సంగతి చాలామంది విని ఉంటారు. 1989 మార్చి 24న అర్ధరాత్రి దాటాక అలాస్కాలో రాతి దిబ్బకు తగిలి దాదాపు 4 కోట్ల లీటర్ల చమురు సముద్రంలో కలిసింది. తాగుబోతు కెప్టెన్ అని లోకం గుర్తు పెట్టుకుంది. తాగి నడిపాడన్న నేరం నుండి జ్యూరీ అతన్ని విడిచిపెట్టింది. అక్కడి రవాణా భద్రతా బోర్డు మాత్రం మద్యాన్ని కారణాల్లో చేర్చింది. అది మనం దాచక్కర్లేదు. కాని అదే బోర్డు తన కారణాల్లో ఇంకా ఏం రాసింది? మూడో మేటు అలసట వల్ల, పని భారం వల్ల ఓడను సరిగా తిప్పలేకపోయాడని. విశ్రాంతి తీసుకున్న, తగినంతమంది సిబ్బందిని కంపెనీ ఇవ్వలేదని. ఈ రెండు ముక్కలూ ఎందరికి తెలుసు? సీసా కథ అందరి నోటా నానింది, షిఫ్టు కథ నివేదికలో మిగిలింది.

ఓడవాళ్ళకు చట్టం లేదా అంటే ఉంది. 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ ఒప్పందం. సముద్ర కార్మికుల ఒప్పందాన్ని మన దేశం కూడా 2015లో ఆమోదించింది. వినడానికి గొప్పగా ఉంటుంది. కాగితం తీసి లెక్క వెయ్యండి. వారానికి 168 గంటలు. అందులో 77 తీసేస్తే 91. అంటే వారానికి 91 గంటలు పని చేయించినా చట్టం ప్రకారం సరే! రోజుకు 13 గంటలు, ఏడు రోజులూ. ఇది కూడా పాటించడం లేదు. 2020లో స్వీడన్‌లోని ప్రపంచ సముద్ర విశ్వవిద్యాలయం ఓడల మీద గంటల రిజిస్టర్ల గురించి ఒక పరిశోధన వెలువరించింది. రిజిస్టర్లను సర్దడం అక్కడ మామూలు అలవాటైపోయిందని అందులో ఉంది. తనిఖీకి వచ్చేవాడికి చట్టం ప్రకారం కనబడేట్టు నావికుడి చేతే దిద్దిస్తారు. మన మస్టరు, మన ఓవర్‌టైము స్లిప్పు గుర్తొస్తున్నాయి కదూ?

ఒళ్ళు సంగతి కూడా రెండు ముక్కలు. రాత్రి రెండు నుండి ఉదయం ఆరు దాకా మనిషి ఒంటి వేడి తగ్గుతుంది, చూపు మందగిస్తుంది. అది బద్ధకం కాదు, ఒంటి స్వభావం. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క కట్టి చూశారు. పదిహేడు గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చెయ్యి, బుర్ర ఎంత తడబడతాయంటే, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారా ఉన్నవాడంత. మన దేశంలో లారీ డ్రైవరు 30 మిల్లీగ్రాములు దాటితే నేరస్తుడు. ఎనిమిది గంటలు చేసినవాణ్ణి రిలీవరు రాలేదని ఇంకో ఎనిమిది ఆపేసే ఫోరుమన్ నేరస్తుడు కాడు.

ఇక మన గుమ్మానికి వద్దాం. డ్యూటీలో నిద్ర దుష్ప్రవర్తన అని స్టాండింగు ఆర్డర్లలో రాసి ఉంటుంది. ఉద్యోగం తీసేయడానికి అదొక్కటి చాలు. పూనాలో భారత్ ఫోర్జ్ కర్మాగారంలో ఒక హెల్పరు 1983 ఆగస్టు 26న ఉదయం 11 గంటల 40 నిమిషాలకు పనిచోట ఇనప రేకు మీద నిద్రపోతూ దొరికాడు. తీసేశారు. లేబరు కోర్టు తిరిగి తీసుకోమంది. కేసు పైకి పైకి పోయి చివరకు 2005 జనవరిలో సుప్రీంకోర్టు తీసేయడం సరైనదేనని తీర్పిచ్చింది, అంతకుముందు మూడుసార్లు తప్పులున్నాయన్నది కూడా లెక్కలోకి తీసుకుంది. అప్పటినుండి ప్రతి యాజమాన్యం లాయరూ ఈ తీర్పు సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడు. మనం నిజాయితీగా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. గోనెసంచులు పరుచుకుని, తువ్వాలు కప్పుకుని, తోటివాడి మీద పని పడేసి పడుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళ కోసం యూనియన్ జెండా పట్టదు. కాని పడుకున్నవాడు వేరు, పడిపోయినవాడు వేరు. చార్జిషీటులో ఇద్దరికీ ఒకటే మాట రాస్తారు.

ఒక మిల్లులో, పేరెందుకు, ఒక కార్డింగు మనిషికి తెల్లవారి నాలుగు గంటలకు రెండు వేళ్ళు పోయాయి. అంతకుముందు సాయంత్రం షిఫ్టు కూడా అతనే చేశాడు, బదిలీవాడు రాలేదని నిలిపేశారు. కట్టు కట్టించుకుని ఆసుపత్రి మంచం మీద ఉండగానే మెమో వచ్చింది, అజాగ్రత్తగా, నిద్రమత్తులో ఉన్నావని. ఆ మెమోకు జవాబు రాయడానికి నేనూ కూర్చున్నాను. వరసగా రెండు షిఫ్టులు అని రాస్తే రిజిస్టరులో మొదటి షిఫ్టే లేదన్నారు. అది వేరే పేరు మీద ఉంది.

సూరత్ సంగతి మరిచిపోకూడదు. మన గంజాం జిల్లా నుండి లక్షలమంది అక్కడి పవర్‌లూములలో ఉన్నారు. తెలంగాణ పద్మశాలీలూ ఉన్నారు. పన్నెండు గంటల షిఫ్టు, ఒక్కొక్కడి కింద ఎనిమిదేసి, పదేసి మగ్గాలు. మెస్సు గదుల్లో ఒకే చోటును పగటి షిఫ్టువాడు రాత్రి, రాత్రి షిఫ్టువాడు పగలు వాడుకుంటారు. ఒకడు లేస్తే అదే వేడి చాప మీద ఇంకొకడు. పగలు ఆ రేకుల కింద ఎండాకాలంలో ఎవడికి నిద్ర పడుతుంది? ఓడవాళ్ళ ఆరు-ఆరుకు ఇది అన్న. సరిగ్గా ఈ సమయంలోనే 2025లో గుజరాత్ ప్రభుత్వం వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు 12 గంటల దాకా పని చేయించుకోవచ్చని చట్టం మార్చింది. ఆంధ్రప్రదేశ్ 9 గంటల హద్దును 10కి పెంచింది. మన ఒడిశా ప్రభుత్వం కూడా అదే 10 గంటల ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది, ఓవర్‌టైము హద్దు పెంచుతామంది. కార్మికుడి అనుమతితోనే అంటున్నారు. గేటు బయట ఇరవైమంది నిలబడి ఉండగా లోపలివాడు ఇచ్చే అనుమతి ఎలాంటిదో మనకు తెలుసు. 48 గంటలు మారలేదు కదా అనేవాళ్ళకు జవాబు షెన్ నెంగ్ ఇచ్చింది. ఆ మేటు వారంలో ఎన్ని గంటలు చేశాడని దిబ్బ అడగలేదు, ఆ 38 గంటల్లో ఎంత పడుకున్నాడన్నదే లెక్కకు వచ్చింది.

మనవాళ్ళతో కూడా ఒక మాట. డబుల్ కూలీ వస్తుందని వరసగా మూడు రాత్రులు ఓవర్‌టైము అడిగి మరీ వేయించుకుంటున్నారు. పిల్ల పెళ్ళి, ఇంటి అప్పు, అన్నీ నిజమే. కాని మనం నిలబడ్డంతకాలం బదిలీవాణ్ణి పర్మనెంటు చెయ్యవలసిన అవసరం యాజమాన్యానికి రాదు. ఓడ యజమాని మూడో ఆఫీసరు జీతం ఎలా మిగిల్చుకున్నాడో, ఇక్కడ మన ఓవర్‌టైముతో అలాగే మిగులుతోంది.

వచ్చే నెల గేటు మీటింగులో మూడు విషయాలు పెడుతున్నాం. రిలీవరు రాకపోతే ఎనిమిది గంటల పైన నిలబెట్టకూడదు. రాత్రి షిఫ్టులో కార్డింగు దగ్గర, బాయిలరు దగ్గర ఒంటరి మనిషి ఉండకూడదు. నిద్ర మీద, ప్రమాదం మీద మెమో ఇస్తే దానితోపాటు ఆ మనిషి వెనకటి ఏడు రోజుల హాజరు, యంత్రాల సంఖ్య, రిలీవరు పేరు జతపరచాలి. ఈ మూడోది యాజమాన్యం అంత తేలికగా ఒప్పుకోదు, ఎందుకంటే అది ఒప్పుకుంటే విచారణ రిజిస్టరు మీదకు తిరుగుతుంది.

అందాకా మన రిజిస్టరు మనమే పెట్టుకుందాం. నలభై పేజీల నోటు పుస్తకం చాలు. ఏ తేదీ, ఎన్నింటికి ఎక్కావు, ఎన్నింటికి దిగావు, ఎన్ని ఫ్రేములు చూశావు, ఎవరు ఆపారు. రోజూ దిగగానే రాసి, పక్కవాడి చేత సంతకం పెట్టించాలి, నువ్వు వాడి పుస్తకంలో పెట్టాలి. రాయడం రానివాళ్ళకు రాసిపెట్టడానికి ఆఫీసులో ఇద్దరు కుర్రాళ్ళను కూర్చోబెట్టాం, తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తారు. సాయంత్రం ఆరు నుండి తొమ్మిది దాకా, ఆదివారం పొద్దుట కూడా. మెమో అందుకున్నవాళ్ళు సంతకం పెట్టి తీసుకోండి, జవాబు మాత్రం ఒంటరిగా రాయకండి. కాగితం పట్టుకుని తిన్నగా ఆఫీసుకు రండి.